నాలుకతో రాళ్లను చదివినవాడు

మా ఊళ్లో ఎవరి చేతికి రాయి ఇచ్చినా ముందు నాకి చూస్తారు. ఆడా మగా, చిన్నా పెద్దా, మసీదు ఇమాం గారితో సహా. మట్టి కప్పుకున్న రాయి తడిస్తే గాని అసలు రంగు బయటపెట్టదు, అది నిజమే. తడపడానికి నీళ్లెక్కడివి? సొరంగంలో లేవు, గుట్ట మీద లేవు, ఊళ్లో కుళాయి తనకు బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది. ఉమ్మేసి తుడవొచ్చు కదా అని నేను వచ్చిన కొత్తలో అన్నాను. టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్లంతా నేనేదో వాళ్ల అమ్మను తిట్టినట్టు చూశారు. తిండి పెట్టే రాయి మీద ఉమ్మితే గుట్ట అలుగుతుందట, ఆ ఇంటికి ఇక మంచి రాయి దొరకదట. నాకడం మాత్రం మర్యాదే. ఈ మర్యాద సంగతే ఇప్పుడు చెప్పబోతున్నాను.

నా పేరు ద్రిస్. ఇక్కడి ఆసుపత్రిలో నర్సుని. ఆసుపత్రి అంటే రెండు గదులు, ఒక బరువు చూసే యంత్రం, తలుపు సరిగా పడని ఫ్రిజ్. మెక్నెస్ నగరం నుంచి వచ్చినప్పుడు ఏడాది తిరక్కుండా బదిలీ చేయించుకోవాలనుకున్నాను. ఇక్కడే పెళ్లి చేసుకున్నాను, జుట్టూ ఇక్కడే రాలిపోయింది. అయ్యాషి కొండ మీంచి వచ్చే ఈ గాలికి మాత్రం ఇప్పటికీ అలవాటు పడలేదు. పొద్దస్తమానం వీస్తుంది, మనిషిలో ఉన్న ఓపికంతా ఊడ్చుకుపోతుంది.

ఇషూ మా పక్కింటివాడు. ఒక కంపెనీ ఇక్కడ సీసం తవ్విన రోజుల్లో, పదిహేనేళ్లు కూడా నిండకుండా, రాళ్లు ఏరే షెడ్డులో చేరాడు. సీసపు రాయి ఒక పక్క, పనికిరానిది ఒక పక్క. ఆ పనికిరాని కుప్పలోకి ఎర్రటి రాళ్లు కూడా పోయేవి. ఆరు పలకలుగా, చిట్టి పీపాల్లా అంటుకుని ఉండే ఎర్ర రాళ్లు. సీసం అయిపోయింది, కంపెనీ రేకులు కూడా ఊడదీసుకుని పోయింది. తర్వాత ఎక్కడెక్కడి దేశాలవాళ్లో వచ్చి, ఎర్ర రాళ్లు కావాలి, అద్దాల బీరువాల్లో పెట్టుకుంటాం అన్నారు. ఊరంతా పాత సొరంగాల్లోకి తిరిగి దూరింది. ఏ రాయి ఏదో తెలిసినవాడు ఇషూ ఒక్కడే మిగిలాడు. అప్పటినుంచీ ఆయన ఉస్తాద్.

ఊళ్లో ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. తవ్వాలన్నా, తవ్వినవి అమ్మాలన్నా ముందు ఒక చలికాలం ఇషూ దగ్గర కూర్చోవాలి. కంపెనీ వదిలేసిన భోజనాల గదిలో పాఠం. బల్లలు లేవు, గొర్రె తోళ్ల మీద కూర్చోవడమే. జలుబు మందులు ఇచ్చే వంకతో నేనూ చాలాసార్లు వెళ్లి ఒక మూల కూర్చునేవాణ్ణి. నిజం చెప్పాలంటే అక్కడ పొయ్యి ఉండేది.

మొదటి రోజు పాఠం ఎప్పుడూ ఒకేలా మొదలయ్యేది. ఎవరో ఒకరి ముందు రాయి పెట్టేవాడు. ఒక ఏడు ఆ వంతు బాహా అనే కుర్రాడికి వచ్చింది. పెళ్లీడుకొచ్చినవాడు, నోరు కాస్త ఎక్కువ.

"ఇదేంట్రా?"

"ఎర్ర రాయి ఉస్తాద్."

"ఎలా తెలిసింది?"

"ఎర్రగా ఉందిగా!"

"నీ స్వెట్టరూ ఎర్రగానే ఉంది. నిన్నూ దూది చుట్టి అమ్మేద్దామా?"

రంగును చివర నమ్మమనేవాడు. ముందు బరువు. కళ్లు మూయించి రెండు చేతుల్లోనూ ఒకే సైజు తెల్ల రాళ్లు పెట్టేవాడు. ఒకటి ముగ్గురాయి, ఒకటి సున్నపు జాతి రాయి. ముగ్గురాయి పెట్టిన చెయ్యి దానంతటదే కిందికి దిగేది. తర్వాత గీత. పగిలిన స్నానాలగది పెంకు తిరగేసి దాని గరుకు వైపు రాయిని గీయమనేవాడు. నల్లగా మెరిసే ఇనుపరాయి ఇటుక రంగు గీత గీస్తుంది, సీసపు రాయి బూడిద నలుపు గీత గీస్తుంది. రాయి పైకి ఏ వేషం వేసినా పొడి చేస్తే దాని నిజం బయటపడుతుందనేవాడు. ఆ తర్వాత గట్టితనం. గోటికి గీరుకుపోయేది జిప్సం, గోటికి లొంగక రాగి నాణేనికి లొంగేది సున్నపు జాతి. చాకుకు కూడా లొంగకుండా చాకునే గీసేది పలుగురాయి. సుత్తితో తట్టి ఎలా విరుగుతుందో చూపించేవాడు. సీసపు రాయి ఎంత చిన్న ముక్కయినా పెట్టెలు పెట్టెలుగానే విరుగుతుంది. సున్నపు రాయి పొడి మీద నిమ్మకాయ పిండితే బుసబుస పొంగుతుంది. అన్నీ అయ్యాక నాలుక. బంకమట్టి రాయి నాలుకను పట్టుకుంటుంది, ఉప్పు తన పేరు తనే చెబుతుంది, మిగతావి తడిసి రంగు చూపిస్తాయి. ఇషూ ఒక రాయిని నాకి, కళ్లు మూసుకుని, ఏ సొరంగంలో ఏ గోడదో చెప్పేవాడు. ఇందులో సగం నాటకమని నా అనుమానం. పిల్లలు మాత్రం నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లు, ఇంటికి పోయి చూసిన ప్రతి రాయీ నాకేవాళ్లు.

వాళ్లందరిలోకీ గట్టి విద్యార్థి ఆయన కోడలు తూదా. కొడుకు మిమూన్ సొరంగంలోంచి బస్తా తెచ్చి ముంగిట్లో కుమ్మరిస్తే, ఆ పిల్ల ఒక్కో రాయినీ నాకి, చూసి, నాలుగు కుప్పలు పెట్టేసేది. నాలుకకు మట్టి అంటితే కొంగుతో తుడుచుకుని మళ్లీ మొదలు. మామగారు పక్కన కూర్చుని మురిసిపోయేవాడు. "నా కొడుక్కి చేతులే ఇచ్చాడు దేవుడు. కోడలికి నాలుక ఇచ్చాడు," అనేవాడు. "ఆ నాలుక సంగతి నన్నడుగు," అని లోపల్నించి అత్తగారు రఖియా అందుకునేది.

తూదాకు రెండుసార్లు కడుపు నిలవలేదు. దిష్టి అన్నారు, చలి అన్నారు, సంతలో ఎవరో చూసిన చూపు అన్నారు. మూడోసారి నెల తప్పింది. మనిషి చూస్తే పాలిపోయి ఉంది, కడుపులో మెలిపెడుతుందంటోంది, కూర్చున్నచోటే నిద్రపోతోంది. నాకు ఎక్కడో అనుమానం తగిలింది. మిద్‌ల్త్ పట్నంలోని డాక్టరమ్మకు రక్తం పంపాను. ఆవిడ ఫోన్ చేసి, ఈ అమ్మాయి ఏం తింటోంది అని అడిగింది. రాళ్లు అన్నాను. ఆవిడ నవ్వలేదు. రక్తంలో సీసం చాలా ఎక్కువగా ఉందనీ, తల్లికి చేరిందంతా బిడ్డకూ చేరుతుందనీ, ఈ నిమిషం నుంచీ ఆ దుమ్మూ ఆ రాయీ నోటికి తగలకూడదనీ, లేకపోతే ఈ బిడ్డా నిలవదనీ చెప్పింది. మందులు తర్వాత, ముందు ఇది ఆపించమంది.

తూదాను పిలిచి చెప్పాను. "నీ రక్తంలో సీసం ఉందమ్మా."

"మంచిదేగా ద్రిస్ అన్నా! ఇక మా ఆయన సొరంగంలోకి దిగక్కర్లేదు, నన్నే తవ్వుకుంటాడు," అని నవ్వింది.

"నవ్వులాట కాదు. ఎర్ర రాయిలోనూ సీసమే. నీ చేతిలోకి వచ్చే సగం రాళ్లలో సీసమే. నాకడం ఆపు. బిడ్డ దక్కాలంటే ఆపు."

నవ్వు ఆగిపోయింది. కాసేపు పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. తర్వాత తల అడ్డంగా ఊపింది. "మా మావయ్య పుట్టి బుద్ధెరిగిన్నాటి నుంచీ నాకుతూనే ఉన్నాడు. ఆయనకేమయింది? కొండమేకలా ఉన్నాడు. మీ డాక్టరమ్మకి పట్నంలో కూర్చుని ఏం తెలుస్తుంది?"

ఊరంతటికీ ఇషూయే సాక్ష్యం. అందుకే ఆయన దగ్గరికే వెళ్లాను.

మధ్యాహ్నం ముంగిట్లో ఎండకు కూర్చుని ఉన్నాడు. ఈ మధ్య ఎప్పుడు చూసినా కూర్చునే ఉంటున్నాడు. ముసలితనం అనేవాళ్లు కొందరు, బద్ధకం అనేది రఖియా. కుడి మణికట్టుకు ఉన్ని గుడ్డ చుట్టి ఉంది.

"ఏమయింది చేతికి?"

"బెణికింది."

"ఎప్పుడు?"

"నిరుడు కాదు, ముందటేడు."

"శుభం. వచ్చే ఏడు దానికి పుట్టినరోజు చేద్దాం," అన్నాను. నాకు చిరాకేసింది. "ఆ గుడ్డ తియ్యి. చేతులు రెండూ చాపు, అరచేతులు కిందికి."

తియ్యనన్నాడు. నేనే తీశాను. ఎడమ చెయ్యి ఫరవాలేదు. కుడి చెయ్యి మణికట్టు దగ్గర నీళ్లు లేని మొక్కలా వాలిపోయింది. పైకెత్తమన్నాను. పళ్లు బిగించాడు, మెడ నరాలు లేచాయి, చెయ్యి మాత్రం లేవలేదు. పెదవి ఎత్తి చూశాను. చిగుళ్ల అంచునే సీసపు పెన్సిలుతో గీసినట్టు నల్లటి గీత ఉంది. ఒంట్లో సీసం చేరిన ఈ గుర్తును పుస్తకంలో చూడటమే గాని మనిషిలో ఎప్పుడూ చూడలేదు. తూదా కబురు అంతా చెప్పాను.

వాలిన చేతిని ఎడమ చేత్తో ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ తర్వాత, "నా సంగతి సరే. పిల్లకి నేనే నేర్పాను కదా," అన్నాడు.

"అందుకే నువ్వే మాన్పించు. ఆ చెయ్యి చూపించు."

గబగబా గుడ్డ చుట్టుకున్నాడు. "చెబితే చాల్లే. నా మాట వింటారు. చెయ్యి ఎందుకు? చెయ్యి పడిపోయినవాడికి మా ఊళ్లో సొరంగంలోకి దిగే తాడు కూడా అందనివ్వరు ద్రిస్. గుమ్మంలో కూర్చోబెట్టి కోడికి గింజలు వెయ్యమంటారు."

మర్నాడు పాఠంలో, నాలుక పెట్టొద్దు, తడిగుడ్డతో తుడవండి అని చెప్పాడు. గొర్రె తోళ్ల మీద నవ్వులు లేచాయి. పాఠం ఎప్పుడో పూర్తి చేసిన బాహా కూడా పొయ్యి కోసం వచ్చి కూర్చునేవాడు. "నర్సు గారు చెవి కొరికినట్టున్నారే! ఉస్తాద్, నిన్ను మించి నాకినవాడెవడు? నువ్వు చస్తే గదా మేం భయపడేది!" అన్నాడు. అందరూ మళ్లీ నవ్వారు. ఇషూ కూడా నవ్వాడు. నాకు మాత్రం ఆ గదిలో ఒక్కొక్కణ్ణీ చెంప పగలగొట్టాలనిపించింది.

తూదా మామగారి ముందు గుడ్డ పట్టుకునేది. ఆయన అటు తిరగగానే నాలుక. ఒకరోజు నా కంటనే పడింది. అడిగితే విసుక్కుంది. "గుడ్డతో తుడిస్తే రాయి పలకట్లేదన్నా. చేతికి తెలీట్లేదు. చీకటి పడేలోపు ఆ బస్తా ఎవరు ఏరతారు? మీరా?" అంది. ఆమె కడుపు అప్పుడప్పుడే పైకి కనిపిస్తోంది. ఇషూ ఇదంతా నా నోట విని గోడకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. "ఇన్నేళ్లూ ఎంత బాగా నేర్పానో చూడు," అన్నాడు. అంత అలసిపోయిన గొంతు నేను రోగుల దగ్గర కూడా వినలేదు.

చలికాలం చివర పాఠం ముగిసే రోజు ఒక తంతు ఉంటుంది. ఉస్తాద్ తన చేత్తో ఒక్కొక్కరికీ టీ పోస్తాడు. గ్లాసు కింద పళ్లెంలో, కూజా తలకన్నా పైన, సన్నటి ధార, పైన నురగ. ఆ నురగ తాగినవాడికే సొరంగంలోకి దిగే హక్కు. గత రెండేళ్లూ జ్వరమనీ, కొడుకు నేర్చుకోవాలనీ ఏవో సాకులు చెప్పి మిమూన్ చేత పోయించాడు. ఆ ఏడు తనే పోస్తానన్నాడు. వంటిల్లు చూసుకునే రఖియా, తూదా కూడా రావాలన్నాడు, పాఠం అయిపోయిన పాతవాళ్లు కూడా రావాలన్నాడు. గదిలో ఊపిరాడనంత జనం.

కూర్చున్నాడు. అందరూ చూస్తుండగా మణికట్టుకున్న గుడ్డ విప్పి మడిచి పక్కన పెట్టాడు. కుడి చేత్తో కూజా పట్టుకుని ఎత్తాడు. గుండె దాకా కూడా రాలేదు. చెయ్యి వాలిపోయింది, మూత ఎగిరి పడింది, పొగలు కక్కే టీ పళ్లెం మీదా ఆయన తొడ మీదా ఒలికిపోయింది. రఖియా కేక వేసి లేచింది. "కూర్చో!" అన్నాడు. ఆయన పెళ్లాం మీద అరవగా నేను విన్నది అదొక్కసారే. మళ్లీ ఎత్తాడు. మళ్లీ ఒలికింది. మూడోసారి ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి పట్టుకుని పోయబోతే, గ్లాసుకు తగిలి గ్లాసు దొర్లిపోయింది. బాహా తల దించుకున్నాడు. ఎవరూ నవ్వలేదు.

"చూశారుగా," అన్నాడు ఇషూ. తొడ కాలుతున్నా తుడుచుకోలేదు. "బద్ధకం కాదు, బెణుకు కాదు, ముసలితనం కాదు. నాలుకతో తెచ్చుకున్నది. రాయి లోపలికి పోయి చేతిని తినేసింది. పొద్దున్న లేస్తే బొత్తాము పెట్టుకోలేను, మీ రఖియా అత్తే పెడుతుంది." పెదవి ఎత్తి చిగుళ్లు కూడా చూపించాడు. గాడిదను సంతలో చూపించినట్టు తనను తాను చూపించుకుంటున్నాడు. నేను అక్కడ ఉండలేకపోయాను, అలాగని కదలలేకపోయాను.

అప్పుడు తూదా వంక తిరిగాడు. "అమ్మా, మావయ్యకి ఏమీ కాలేదు కదా అన్నావట. ఇదిగో."

ఆ పిల్ల కళ్లనిండా నీళ్లు. ముందు ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పొట్టను రెండు చేతులతో పట్టుకుని, అందరి ముందూ, అత్తగారి ముందూ అడిగేసింది.

"మావయ్యా, మరి లోపలున్నదానికి ఇప్పటికే చేరిపోయి ఉంటే?"

ఏ రాయి చేతిలో పెట్టినా పేరు చెప్పే మనిషి నా వంక చూశాడు. నేను నేల చూశాను.

"తెలీదు తల్లీ," అన్నాడు. "నాకు తెలీదు."

మర్నాటికల్లా తూదాను లోయలో ఆపిలు తోటల పక్కనున్న పుట్టింటికి పంపించేశాడు. ఎందుకు పంపుతున్నావు, ఏరే పని ఎవరు చేస్తారు అని మిమూన్ గొణిగితే, నేను చేస్తాను, ఎడమ చేత్తో చేస్తాను అన్నాడు. గుడ్డతో తుడుస్తూ, సగం తప్పులు పెడుతూ ఆ వేసవంతా ఏరాడు. బాహా వచ్చి మాట్లాడకుండా పక్కన కూర్చుని కుప్పలు సరిచేసి పోయేవాడు. ఊళ్లో అందరూ మానేశారని చెప్పను. కుళాయి దగ్గర తడిగుడ్డలు ఆరేసి ఉండటం మాత్రం అప్పటినుంచే మొదలయింది. నేను పట్నానికి పంపే రక్తం సీసాల్లో లోయకు వెళ్లి తెచ్చిన తూదావి నెలనెలా ఉండేవి, అంకె మెల్లగా దిగుతూ వచ్చింది. అంత మెల్లగా దిగితే నాకు ఓర్పు చాలేది కాదు. డాక్టరమ్మ ప్రతిసారీ చూద్దాం అనేది.

ఆపిళ్లు కోసే కాలంలో ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండకుండా పుట్టింది, చిన్నది, ఏడుపు మాత్రం గట్టిదే. సీసం బిడ్డకు ఏమాత్రం చేటు చేసిందో ఎదిగితే గాని తెలియదని డాక్టరమ్మ అంది. ఇషూ, నేను బస్సెక్కి లోయకు వెళ్లాం. వియ్యపురాలి ముంగిట్లో నీళ్ల తొట్టి ఉంది. ఇషూ అక్కడ కూర్చుని సబ్బుతో చేతులు కడిగాడు. మోచేతుల దాకా కడిగాడు. మీసం కడిగాడు, నోరు పుక్కిలించాడు, పళ్లు వేలితో తోమాడు, మళ్లీ పుక్కిలించాడు. లోపల నుంచి రెండుసార్లు పిలిచినా లేవలేదు. పెదవులు ఎర్రబడిపోయాక గాని రాలేదు.

తన చేతుల మీద ఆయనకు నమ్మకం లేదు కాబట్టి, బాసింపట్టు వేసుకుని కూర్చుంటే బిడ్డను ఒళ్లో పడుకోబెట్టారు. పుట్టిన బిడ్డ చెవిలో బాంగు, అంటే నమాజు పిలుపు, చెప్పడం తాతగారి వంతు. వంగాడు, జానెడు దూరంలోనే ఆగిపోయాడు, అక్కడి నుంచే మెల్లగా చెప్పాడు. బిడ్డ ఏడుపు ఆపి ఆ గొంతు వైపు తల తిప్పింది. ఇక అందరూ నుదుటి మీద ముద్దు కోసం ఎదురుచూస్తున్నారు. ఆయన నిటారుగా అయిపోయాడు.

"ముద్దు పెట్టుకో మావయ్యా," అంది పరుపు మీంచి తూదా. "కడుక్కున్నావుగా. ఏం కాదు."

"నువ్వు పెట్టమ్మా," అన్నాడు ఇషూ. "నా నోటిని నేను నమ్మను."

బిడ్డను తీసుకోమని నాకు సైగ చేశాడు. నేను తీసుకున్నాను.